ముందు ఎవరొస్తరు సార్?

నేను దేవరకొండలో జూనియర్ కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్తాను. నాడీవ్యవస్థ పాఠంలో ఒక వాక్యం ఉంటుంది: గ్లియల్ కణాలు నాడీకణాలకు ఆధారాన్ని, పోషణను, రక్షణను ఇస్తాయి. పదమూడేళ్లుగా ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, కింద గీత కొట్టి, ఇది ఒక మార్కు ప్రశ్న అని చెప్పి, న్యూరాన్ (నాడీకణం) బొమ్మలోకి వెళ్లిపోయేవాణ్ని. బొమ్మకు అరగంట పట్టేది. ఆ వాక్యానికి అర నిమిషం కూడా పట్టేది కాదు.

పోయిన చలికాలం, చందంపేట వైపు తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, ముందు ఎవరొస్తరు? న్యూరాన్లా, ఇవా? ఇల్లు కట్టేటప్పుడు పునాది ముందు పడ్తది, గోడలు తర్వాత లేస్తయి. ఇవి ఆధారమైతే ఇవే ముందు రావాలె గదా?"

నాకు జవాబు తెలియదు. రేపు చెప్తానమ్మా అన్నాను. ఆ రేపు రావడానికి నెల పట్టింది. అదే వారం నల్లగొండలో మా చెల్లెకు 31 వారాలకే కాన్పయింది. బాబు బరువు 1,400 గ్రాములు. కాలేజీ అయిపోగానే కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండ బస్సెక్కడం, రాత్రి నవజాత శిశువుల వార్డు బయట వరండాలో కూర్చోవడం, తెల్లారి మళ్లీ దేవరకొండ రావడం, ఇదే పనైంది. పక్కన మా బావ, "బావా, మెదడు బాగనే ఉంటదంటవా?" అని గంటకోసారి అడిగేవాడు. నాకూ అదే టెన్షన్. ఆ వరండాలోనే ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. మా బావ అడిగేదీ ఆ అమ్మాయి అడిగిందీ వేర్వేరు ప్రశ్నలు కావని కొన్ని రాత్రులు గడిచాక అర్థమైంది.

అప్పుడు చదివిందాన్ని ఆధారం చేసుకొని ఒక మాట గట్టిగా చెప్పాలని ఇది రాస్తున్నాను. ‘ఆధారాన్నిచ్చే కణాలు’ అన్న వాక్యం మన పాఠాల్లోంచి పోవాలి. అందులో చెప్పిన పనులు ఆ కణాలు చేసే మాట నిజమే. కానీ అలా చెప్పగానే పిల్లల తలలో తలుపు పడిపోతుంది. పనిచేసేది ఒకరు, చేతికందించేది ఇంకొకరు అని తేలిపోయాక చేతికందించేవాళ్ల గురించి ఎవరూ ప్రశ్న వేయరు. శాస్త్రంలో కూడా నూరేళ్లకు పైగా జరిగింది ఇదే.

1856లో జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, మెదడులో నాడీకణాల మధ్య ఉన్న పదార్థానికి ‘న్యూరోగ్లియా’ అని పేరు పెట్టాడు. గ్లియా అంటే గ్రీకులో జిగురు, బంక. ఆ పేరే ఖాయమైంది. తర్వాత అందులో నక్షత్రంలా కొమ్మలు చాచిన కణాలను గుర్తించి ఆస్ట్రోసైట్లన్నారు. న్యూరాన్లను అద్భుతంగా బొమ్మలు గీసిన స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్, ఆస్ట్రోసైట్లను చూపించడానికి కూడా బంగారు లవణంతో రంగు వేసే పద్ధతిని 1913లో తయారుచేశాడు. ఆయన గీసిన ఆ బొమ్మలు చూస్తే వాటిని బంక అనడానికి ఎవరికైనా నోరెట్లా వచ్చిందా అనిపిస్తుంది. అయినా అదే మాట నడిచింది. న్యూరాన్లు విద్యుత్ సంకేతాలు పంపుతాయి, తీగ గుచ్చితే పరికరంలో కనబడతాయి. ఆస్ట్రోసైట్లు అలాంటి సంకేతాలు పంపవు కాబట్టి మౌనంగా ఉన్నాయనుకున్నారు. 1990లో కాల్షియాన్ని వెలిగించి చూపే రంగులు వాడి చూస్తే, న్యూరాన్లు వదిలే గ్లూటమేట్ అనే రసాయనం తగలగానే ఆస్ట్రోసైట్ల లోపల కాల్షియం అలలా లేచి పక్క కణానికి పాకింది. మాట్లాడుతూనే ఉన్నాయి, మన దగ్గర ఆ మాట వినే చెవి లేదంతే.

పాఠం చెప్పేవాళ్లు ఇంకో లెక్క కూడా సరిచేసుకోవాలి. మెదడులో గ్లియల్ కణాలు న్యూరాన్ల కన్నా పది రెట్లు ఎక్కువని నేనూ చెప్పాను. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టి చూస్తే మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, మిగతా కణాలన్నీ కలిపినా దాదాపు అంతే వచ్చాయి.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. జవాబు ఆమె తర్కానికి సరిగ్గా ఎదురుగా ఉంది. న్యూరాన్లే ముందు వస్తాయి. గర్భంలో మెదడు గోడ వెంబడి నిలువుగా సాగిన రేడియల్ గ్లియా అనే మూలకణాలు ఉంటాయి. అవి మొదట న్యూరాన్లను కంటాయి. ఆ పిల్లలు తల్లికణం పొడవాటి ఒంటినే నిచ్చెనగా పట్టుకొని పైకి పాకి తమ చోటు చేరుకుంటాయి. ఆ పంట అయిపోవస్తుండగా అవే తల్లికణాలు ఆస్ట్రోసైట్లను కనడం మొదలుపెడతాయి. మనిషిలో ఈ రెండో పంట గర్భం రెండో సగంలో ఊపందుకొని, పుట్టిన తర్వాతా సాగుతుంది. అంటే 31 వారాలకు మా చెల్లె కొడుకు తలలో ఆస్ట్రోసైట్లు ఇంకా పుడుతూనే ఉన్నాయి.

గోడలు లేచాక వచ్చేది పునాది కాదు గదా. మరి ఎందుకొస్తున్నట్టు?

దీనికి జవాబు వెతికినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు బెన్ బారెస్. ఆయన మొదట నరాల వైద్యుడు. జబ్బుపడిన మెదడును సూక్ష్మదర్శినిలో చూసినప్పుడల్లా దెబ్బతిన్న చోట గ్లియల్ కణాలు రూపం మార్చుకొని కనిపించేవి. బంకకు ఇంత కదలిక ఎందుకుంటుందన్న అనుమానంతో వైద్యం వదిలి పరిశోధనలోకి వచ్చి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చివరిదాకా ఈ కణాల మీదే పనిచేశాడు. 2017లో క్యాన్సర్‌తో చనిపోయాడు.

ఆయన ప్రయోగశాలలో చేసిన పని ఎంత సూటిగా ఉందంటే, మా ఇంటర్ పిల్లలకు కూడా చెప్పొచ్చు. ఎలుక పిల్లల కంటి వెనక వెలుతురును పట్టే పొర, అంటే రెటీనాలోంచి గాంగ్లియన్ కణాలనే న్యూరాన్లను విడదీశారు. ఇంకే కణమూ కలవకుండా శుద్ధిగా గిన్నెలో పెంచారు. వాటికి కావాల్సిన పోషకాలన్నీ ఇచ్చారు. అవి బతికాయి, తంతువులు చాచాయి, విద్యుత్ సంకేతాలూ పుట్టించగలిగాయి. మన పాఠం ప్రకారం ఆధారం, పోషణ, రక్షణ మూడూ అందినట్టే. కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం అంతంతమాత్రమే. అదే గిన్నెలో గ్లియల్ కణాలను కలిపితే న్యూరాన్ల మధ్య వచ్చిపోయే సంకేతాలు 70 రెట్లు పెరిగాయి. ఇది 1997 నాటి ఫలితం. 2001లో అదే బృందం సినాప్సులను, అంటే న్యూరాన్లు కలుసుకొనే సంధులను లెక్కపెట్టింది. ఆస్ట్రోసైట్లుంటే అవి సుమారు 7 రెట్లు ఎక్కువ.

నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వని విషయం దీని తర్వాత ఉంది. ఆస్ట్రోసైట్లు పక్కనే ఉండనక్కర కూడా లేదు. అవి పెరిగిన గిన్నెలోని ద్రవాన్ని తెచ్చి న్యూరాన్ల గిన్నెలో పోసినా సినాప్సులు లేచాయి. అంటే అవి ఏదో వదులుతున్నాయి. ఆ ‘ఏదో’ను పట్టుకోవడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. 2005లో బయటపడింది: థ్రాంబోస్పాండిన్ అనే పెద్ద ప్రొటీన్. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లలో దీన్ని అంతకు ముందే చూసి ఉన్నారు. పసి మెదడులో ఆస్ట్రోసైట్లు దీన్ని బాగా తయారుచేస్తాయి, ఎదిగిన మెదడులో బాగా తగ్గిపోతుంది. థ్రాంబోస్పాండిన్ 1, 2 రెండూ లేని ఎలుకల మెదడులో సినాప్సులు తగ్గాయి.

గిన్నెలో జరిగిందే నిజమైన మెదడులోనూ కనబడింది. ఎలుకలో కంటి నుంచి బయల్దేరిన తంతువులు మెదడులోని గమ్యానికి ముందే చేరిపోతాయి. చేరగానే సంధులు కట్టుకోవు. దాదాపు వారం ఆగుతాయి. అక్కడ ఆస్ట్రోసైట్లు పుట్టాకే సినాప్సుల్లో ఎక్కువ భాగం లేస్తుంది.

న్యూరాన్ వైపు థ్రాంబోస్పాండిన్‌ను అందుకొనేది ఏమిటో 2009లో చాగ్లా ఎరోగ్లు అనే శాస్త్రవేత్త, బారెస్ బృందం కలిసి కనుక్కున్నారు. ఆల్ఫా2డెల్టా-1 అనే ప్రొటీన్ అది. ఆ పేరు చదివి నేను ఆగిపోయాను. గాబాపెంటిన్ మాత్ర వెళ్లి అతుక్కొనేది దానికే. మా నాయిన గుంట మగ్గం మీద నలభై ఏళ్లు కూర్చున్న మనిషి, నడుములోంచి కాలికి గుంజే నరాల నొప్పికి డాక్టరు రాసిన మాత్ర అదే. రోజూ రాత్రి నేనే ఇస్తాను. ఎలుకల్లో ఆ మందు కొత్త సినాప్సులు లేవకుండా అడ్డుపడింది, అప్పటికే ఉన్నవాటిని చెరపలేదు. (ఇది చదివి ఎవరూ మాత్ర ఆపేయొద్దు. మా నాయిన ఆపలేదు.) పసి మెదడులో సంధులు కట్టే తాళంచెవి, ముసలాయన నొప్పి మాత్ర ఒకే తాళంలో దూరుతాయని తెలిశాక ఈ విషయం నాకు పుస్తకంలోది కాకుండా మా ఇంటిదైపోయింది.

థ్రాంబోస్పాండిన్ కట్టే సినాప్సులకు ఇంకో చిక్కుంది. అవి చూడ్డానికి పూర్తిగా ఉంటాయి, పనిచేయవు. ఒకవైపు గ్లూటమేట్ వదులుతుంది, అందుకోవాల్సిన వైపు దాన్ని పట్టే కీలక గ్రాహకాలు ఉండవు. కరెంటు లైను లాగి, మీటరు పెట్టి, సరఫరా ఇవ్వని ఇల్లులాంటిది. 2012లో నికోలా ఆలెన్, బారెస్ ఇంకో రెండు ప్రొటీన్లను బయటపెట్టారు, గ్లిపికాన్ 4, గ్లిపికాన్ 6. వీటినీ ఆస్ట్రోసైట్లే వదులుతాయి. ఇవి తగిలాక న్యూరాన్ తన గ్రాహకాలను పైకి తెస్తుంది, సంధి మూగతనం పోతుంది. హెవిన్ అనే మరో ప్రొటీన్ సంధికి రెండువైపులా ఉండే అణువులకు వంతెన వేస్తుంది. స్పార్క్ అనేది హెవిన్ పనికి అడ్డుపడుతుంది. దానినీ ఆస్ట్రోసైట్లే వదులుతాయి. పెంచేదీ అవే, పట్టి ఆపేదీ అవే. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అన్న నిర్ణయంలో ఇంత చేయి ఉన్నవాళ్లను మనం ఒక మార్కు వాక్యంలో కూర్చోబెట్టాం.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మాది పుట్టపాక, నేత కుటుంబం. మా దగ్గర చీర మీది బొమ్మ మగ్గం మీద పుట్టదు. దానికి ముందే పోగులను లెక్కప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు. అలా కట్టడానికి వీలుగా పోగును మొదట ఆసు పోయాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా బారుగా మేకులు, వాటి మధ్య పోగును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవడం. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి తిరగాలి. మా అమ్మ ఏళ్ల తరబడి తిప్పింది. ఆసులో ఒక్క పోగు లెక్క తప్పితే నాయిన ఎంత బాగా నేసినా బొమ్మ చెదిరిపోతుంది. అయినా లెక్కల పుస్తకాల్లో నేతగాడని రాసింది నాయిన ఒక్కడినే. అమ్మ ‘ఇంట్లో సాయం చేస్తది’. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆ పనికి యంత్రం చేసి దానికి లక్ష్మి ఆసు యంత్రమని ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చిన తర్వాతే మా అమ్మ చేసిన పని ఎంతో నాకు అంకెల్లో తెలిసింది. సాయం అన్న మాట ఎంత పనిని మింగేస్తుందో చూసిన ఇంట్లో పెరిగి కూడా, బోర్డు మీద అదే మాట రాస్తూ వచ్చినందుకు నాకు బాధగా ఉంది.

అయితే ఈ పోలికను ఒక హద్దు దాటి లాగకూడదు. ఆసు పోసిన పోగు మగ్గానికి వెళ్తుంది, మగ్గం నుంచి ఆసుకు తిరిగొచ్చేది ఏమీ లేదు. మెదడులో రాకపోకలు రెండువైపులా ఉంటాయి. ఆస్ట్రోసైట్ పుట్టినప్పుడు దానికి కొమ్మలు కొన్నే. పెద్దయ్యాక పొదలా సన్నటి రెమ్మలు తొడిగి, ఒక్కొక్కటి తన పరిధిలో వేల సినాప్సులను ముట్టుకొని కూర్చుంటుంది, పక్క ఆస్ట్రోసైట్ పరిధిలోకి పెద్దగా పోదు. ఆ రెమ్మలు వేయించేది న్యూరాన్లే. 2017లో ఎరోగ్లు బృందం చూపించింది: ఆస్ట్రోసైట్ల ఒంటి మీద న్యూరోలిజిన్లనే ప్రొటీన్లు ఉన్నాయి, అవి న్యూరాన్ మీది న్యూరెక్సిన్లను చేయి కలిపినట్టు పట్టుకుంటేనే ఆస్ట్రోసైట్ కొమ్మలు వేస్తుంది. పుట్టినప్పటి నుంచి చీకట్లో పెంచిన ఎలుక పిల్లల్లో, చూపుకు సంబంధించిన మెదడు భాగంలోని ఆస్ట్రోసైట్లు సరిగా విచ్చుకోలేదు. వెలుతురు కంటికి తగిలి, కన్ను న్యూరాన్‌ను కదిలించి, న్యూరాన్ ఆస్ట్రోసైట్‌ను ఎదిగించాలి. ఆ ఎదిగిన ఆస్ట్రోసైట్ మళ్లీ న్యూరాన్ సంధులను కడుతుంది. ఈ చక్రంలో ముందెవరు, వెనకెవరు?

చిన్నమెదడులో ఇంకా విచిత్రం. 2016లో తేలిందేమిటంటే, అక్కడి పుర్కింజే న్యూరాన్లు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని వదులుతూ, పక్కనున్న ఆస్ట్రోసైట్ ఏ రకంగా ఉండాలో నిర్ణయిస్తాయి. ఆ సంకేతం ఆపితే ఆస్ట్రోసైట్ తన రకపు గుణాలు పోగొట్టుకుంటుంది. ఎదిగిన మెదడులో కూడా అంతే, పోట్లాటలు లేని పాత వాడకట్టులో ఒకరి అలవాట్లు ఒకరికి అబ్బినట్టు.

కట్టడం ఎంత ముఖ్యమో కూల్చడమూ అంతే ముఖ్యం. పసి మెదడు అవసరానికి మించి సినాప్సులు కట్టి, వాడనివి తీసేస్తుంది. ఆ తీసివేతలో మైక్రోగ్లియా అనే మరో రకం గ్లియల్ కణాల పేరు ఎక్కువగా వినబడుతుంది, కానీ ఆస్ట్రోసైట్లు కూడా మెగ్ఫ్10, మెర్‌టీకే అనే గ్రాహకాలతో సినాప్సులను స్వయంగా మింగుతాయని 2013లో చూశారు. ఏ సంధి బలంగా వాడుకలో ఉందో న్యూరాన్ల చలనాన్ని బట్టే తేలుతుంది. ఇక్కడా సంభాషణే.

ఆఖరికి, మెదడు తేలిగ్గా మారగలిగే వయసుకు తలుపు వేసే పనిలోనూ వాటి చేయి ఉంది. పసితనంలో పిల్లి కూన ఒక కన్ను కొన్ని వారాలు మూసి ఉంచితే, తర్వాత తెరిచినా ఆ కంటి చూపు మెదడుకు సరిగా అందదని హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో చూపించారు, 1981లో నోబెల్ పొందారు. పెద్ద పిల్లికి ఇదే చేస్తే ఏమీ కాదు, ఆ వయసుకు తలుపు మూసుకొని ఉంటుంది. 1989లో ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లి కూనల లేత ఆస్ట్రోసైట్లను పెద్ద పిల్లుల మెదడులో పెట్టారు. మూసుకున్న తలుపు మళ్లీ కొంత తెరుచుకుంది. న్యూరాన్లు పాతవే. మారింది పక్కన ఉన్నవాళ్లు.

ఇంత చెప్పాక, దీన్ని సంచిలో వేసుకొని అమ్ముకొనేవాళ్ల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మా బాబాయి కొడుకు తన ఎనిమిదేళ్ల బిడ్డను ‘మెదడును మేల్కొలిపే’ క్లాసుకు పంపి 12,000 రూపాయలు కట్టాడు. కళ్లకు గంతలు కట్టి చదివిస్తామన్నారు. వాళ్లిచ్చిన కరపత్రంలో ఐన్‌స్టీన్ బొమ్మ, ఆయన మెదడులో గ్లియల్ కణాలు ఎక్కువని, వాటిని మేం పెంచుతామని రాసి ఉంది. ఆ మాట వెనకున్న అసలు సంగతి ఇది. 1985లో మారియన్ డైమండ్ బృందం ఐన్‌స్టీన్ మెదడులో నాలుగు భాగాలను 11 మంది మగవాళ్ల మెదళ్లతో పోల్చింది. ఒక్క భాగంలోనే, న్యూరాన్లతో పోలిస్తే గ్లియల్ కణాల వాటా ఎక్కువగా వచ్చింది. ఒక్క మనిషి మెదడు, అదీ 76 ఏళ్ల వయసులో పోయిన మనిషిది. అంతకు మించి అందులో ఏమీ తేలదు. ముక్కు పక్క సందులోంచి చూసి చదవడం ఆ బిడ్డకు వచ్చింది, అబద్ధమాడడం దానితోపాటు వచ్చింది. పాఠంలో మనం వదిలేసిన ఖాళీలోకే ఈ కరపత్రాలు వస్తున్నాయి. పిల్లలకు ఆస్ట్రోసైట్ గురించి రెండు పేజీలు తెలిసి ఉంటే, ఏ సిరప్పూ ఏ గంతలూ ఈ వచ్చిపోయే మాటలను పెంచలేవని వాళ్లే ఇంట్లో చెప్పేవాళ్లు.

మా స్టాఫ్ రూములో ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఇదంతా ఎలుకల్లో చూసిందే గదా, పరీక్షలో అడిగేది ఒక మార్కే గదా అన్నాడు. మొదటి మాటలో బలం ఉంది. నేను పైన చెప్పినదాంట్లో ఎక్కువ భాగం ఎలుకల్లో, పిల్లుల్లో, గిన్నెల్లో చూసిందే. కానీ మనిషి ఆస్ట్రోసైట్ ఎలుకదానికన్నా వ్యాసంలో సుమారు 2.6 రెట్లు పెద్దది, ఒక్కటే 20 లక్షల దాకా సినాప్సులను ముట్టుకోగలదని 2009లో లెక్కగట్టారు. మనిషి గ్లియల్ మూలకణాలను ఎలుక మెదడులో పెంచితే ఆ ఎలుకలు కొన్ని పరీక్షల్లో తొందరగా నేర్చుకున్నాయని 2013లో చూశారు. మనిషికి వచ్చేసరికి ఈ కణాల పాత్ర తగ్గిందనడానికి కారణం నాకు కనబడలేదు. రెండో మాటకు మాత్రం నేను తల వంచను. ఒక మార్కు ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యమే కావచ్చు, ఆ వాక్యమైనా నిజంగా ఉండాలి. ఇప్పుడు నేను బోర్డు మీద ఇలా రాస్తున్నాను: ఆస్ట్రోసైట్లు న్యూరాన్ల తర్వాత పుట్టి, వాటితో సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటూ సంధులను కట్టిస్తాయి, పనిచేయిస్తాయి, తీసేస్తాయి. పేపర్ దిద్దేవాళ్లు మార్కు తగ్గిస్తారేమోనని పాత వాక్యాన్నీ పక్కన రాయిస్తున్నాను, ఆ మాట పిల్లలకు చెప్పే రాయిస్తున్నాను.

ఇక బాబు సంగతి. బరువు కాస్త నిలబడ్డాక సిస్టరమ్మ మా చెల్లెకు చెప్పింది, "బట్ట తీసి బాబును గుండెల మీద వేసుకోమ్మా, ఎంతసేపైతే అంతసేపు." నెలలు నిండని పిల్లలను రోజుకు కనీసం 8 గంటలు తల్లి ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అది ఆస్ట్రోసైట్ల వల్ల పనిచేస్తుందని నేను అనను. పిల్లలు బతుకుతున్నారని లెక్కలు చెప్తున్నాయి, అది చాలు.

ఆ తర్వాత కంటి పరీక్ష. 34 వారాలకు ముందు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువున్నా, పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా చూపించాలి. మా చెల్లె అత్తగారు ఒప్పుకోలేదు. "నెల బిడ్డకు కంటి పరీక్షేంది, వాడేమన్న అక్షరాలు చదువుతడా" అన్నది. నేను ఆమె పక్కన కూర్చొని చెప్పాను. కంట్లో రక్తనాళాలు నడిమి నుంచి అంచుకు మెల్లమెల్లగా పాకుతాయి పెద్దమ్మా. నెలలు నిండకముందే బయటికొస్తే అవి సగంలో ఆగి, తర్వాత అడ్డదిడ్డంగా పెరిగి చూపు తీసేస్తాయి. టైముకు చూస్తే ఆపొచ్చు. ఇది విని ఆమె తానే వస్తానన్నది. ఆమెకు చెప్పని సగం ఇది: ఆ నాళాలకు దారి చూపేది ఆస్ట్రోసైట్లు. బారెస్ గిన్నెలో పెంచిన ఆ గాంగ్లియన్ న్యూరాన్లే పీడీజీఎఫ్ అనే సంకేతంతో ఆస్ట్రోసైట్లను పెంచుతాయి. ఆస్ట్రోసైట్లు నాళాలకన్నా ముందు రెటీనా అంతా పరుచుకొని, ఆక్సిజన్ తక్కువైన చోట వీఈజీఎఫ్ అనే ఇంకో సంకేతం వదిలి నాళాలను తమ వెంట పిలుచుకుంటాయి. బయటి ఆక్సిజన్ ఎక్కువైతే ఆ పిలుపు ఆగిపోతుంది. ఆ అమ్మాయికి నెల తర్వాత క్లాసులో జవాబు చెప్పినప్పుడు ఇది కూడా చెప్పాను. మెదడులో వెనక వస్తాయి, కంటి నాళాలకు ముందు నడుస్తాయి.

మొదటి పరీక్ష 26వ రోజున అయింది. నాళాలు ఇంకా అంచుకు రాలేదు, రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. రెండోసారీ అదే మాట. మూడోసారి హైదరాబాద్ బస్సులో బాబు దారంతా నిద్రపోయాడు. డాక్టరమ్మ కంప్యూటర్ మీద రెటీనా ఫొటో చూపించింది. నారింజ రంగు నేల మీద ఎర్రటి నాళాలు కొమ్మలుగా చీలి అంచుదాకా వెళ్లాయి. ఇక రానక్కర్లేదంది. మా చెల్లె ఏడుస్తూ నవ్వింది. నేను ఫొటో దగ్గరికి వంగి, ఇందులో ఆస్ట్రోసైట్లు ఎక్కడున్నాయండీ అని అడిగాను.

"అవి ఫొటోలో కనబడవండీ" అన్నది.